తలుపు మూసింది ఎవరు?
నాగర్‌కర్నూల్ పార్లమెంటు స్థానం మనకు చెబుతున్న చరిత్ర

ఎన్నికల ప్రకటన వెలువడిన ప్రతిసారీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో మన మధ్య ఒకే ప్రశ్న నలుగుతుంది: ‘ఈసారి ఎవరికి వేద్దాం?’ ‘మనలో ఎవరు నిలబడుతున్నారు?’ అన్న ప్రశ్న పార్లమెంటు ఎన్నికల వేళ ఎవరి నోటా రాదు. ఈ మూడు జిల్లాలను కలుపుకొని ఉన్న నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం 1967 నుంచి నేటివరకు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయి ఉంది. చట్టం ప్రకారం ముస్లిం ఎవరూ అక్కడ అభ్యర్థి కాలేరు. అంటే మన తాతలు, తండ్రులు, మనం, ఇప్పుడు మన పిల్లలు ఈ స్థానంలో ఓటర్లుగా మాత్రమే ఉన్నాం.

ఈ మాట తలచుకున్నప్పుడు మనవాళ్లలో కొందరికి ఆవేదన కలుగుతుంది. ఆ ఆవేదన కొన్నిసార్లు దళిత సోదరుల రిజర్వేషన్‌పై అసహనంగా మారుతుంది. ఆ అసహనం దారి తప్పినదని మా అభిప్రాయం. మనకు మూసుకుపోయిన తలుపులు చాలా ఉన్నాయి గాని, వాటిని మూసింది దళితులు కాదు. ఈ స్థానం చరిత్రను నిదానంగా చదివితే ఆ సంగతి తేటతెల్లమవుతుంది.

సంస్థానాల నేల

ఏడు శాసనసభ స్థానాలు కలిసి ఈ లోక్‌సభ స్థానం ఏర్పడింది: గద్వాల, అలంపూర్, వనపర్తి, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి. పడమట కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ. తూర్పున నల్లమల అడవి. అలంపూర్‌లో జోగులాంబ, నవబ్రహ్మ ఆలయాల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. పల్లెల్లో పీర్ల పండుగను ఊరంతా కలిసి జరుపుకొనే నేల ఇది.

నిజాం పాలనలో ఈ ప్రాంతంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాలు ఉండేవి. పై ఏలిక నవాబు అయినా, పల్లె ప్రజల మీద అధికారం సంస్థానాధీశులది, దేశ్‌ముఖులది. ఈ వాస్తవాన్ని మనం గుర్తుంచుకోవాలి. ‘ఒకప్పుడు పాలించినవారు మీరే కదా’ అని నేటికీ మనను దెప్పేవారు ఉన్నారు. దూది ఏకిన దూదేకులకు, గుర్రపు బండి తోలినవారికి, కూలికి పోయినవారికి ఆ పాలనలో దక్కిన వాటా ఏమిటో వారు చెప్పరు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. ఆ తర్వాత పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఉన్న ముస్లింలు రాజకీయాలకు దూరంగా తలవంచుకొని బతకడమే క్షేమమనుకున్నారు. ఆ భయానికి కారణాలు ఉన్నాయి. అయితే ఆ భయమే మనను తరతరాలుగా ‘అడగని ఓటర్లు’గా మార్చింది.

స్థానం పుట్టిన తీరు

తొలి రెండు సాధారణ ఎన్నికల్లో మహబూబ్‌నగర్ ద్విసభ్య లోక్‌సభ స్థానంగా ఉండేది. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు గెలిచేవారు. వారిలో ఒకరు షెడ్యూల్డ్ కులాలవారు. 1957లో వనపర్తి సంస్థాన వారసుడు జె. రామేశ్వర్‌రావు ఇక్కడినుంచే లోక్‌సభకు వెళ్లారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య స్థానాలను రద్దు చేసింది. దానితో 1962లో జిల్లాలో రెండు విడివిడి స్థానాలు వచ్చాయి. గద్వాల పేరుతో ఏర్పడిన జనరల్ స్థానం నుంచి రామేశ్వర్‌రావు గెలిచారు. రిజర్వుడు స్థానమైన మహబూబ్‌నగర్ నుంచి జె.బి. ముత్యాలరావు గెలిచారు.

అయిదేళ్లు తిరిగేసరికి పటం మారింది. 1967లో గద్వాల లోక్‌సభ స్థానం కనుమరుగైంది. మహబూబ్‌నగర్ జనరల్ అయింది. రామేశ్వర్‌రావు అక్కడికి మారారు. కొత్తగా వచ్చిన నాగర్‌కర్నూల్ రిజర్వుడు అయింది. ముత్యాలరావు ఇక్కడికి వచ్చారు. అంటే నియోజకవర్గాల సరిహద్దులు, వాటి రిజర్వేషన్ హోదా దేవుడు గీసిన గీతలేమీ కావు. మనుషులు గీశారు, మనుషులే ఒకసారి చెరిపి మళ్లీ గీశారు. ఈ విషయం చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

పదిహేను ఎన్నికలు, ఎనిమిది మంది

1967 నుంచి 2024 వరకు జరిగిన 15 సాధారణ ఎన్నికల్లో నాగర్‌కర్నూల్ ఎనిమిది మందిని లోక్‌సభకు పంపింది. 1967లో ముత్యాలరావు కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1969 ఉద్యమం తర్వాత వచ్చిన 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. ఆ పదిలో నాగర్‌కర్నూల్ ఒకటి. అప్పుడు గెలిచిన ఎం. భీష్మదేవ్ 1977లో కాంగ్రెస్ అభ్యర్థిగా మళ్లీ గెలిచారు. 1980లో మల్లు అనంతరాములు, 1984లో తెలుగుదేశం ప్రభంజనంలో వి. తులసీరామ్, 1989లో మళ్లీ అనంతరాములు వచ్చారు. 1991లో అనంతరాములు తమ్ముడు మల్లు రవి గెలిచారు.

1996 నుంచి మందా జగన్నాథం శకం మొదలైంది. 1996, 1999, 2004లలో తెలుగుదేశం నుంచి, 2009లో కాంగ్రెస్ నుంచి మొత్తం నాలుగు సార్లు ఆయన గెలిచారు. మధ్యలో 1998 మాత్రం మల్లు రవిది. 2014లో కాంగ్రెస్ అభ్యర్థి నంది ఎల్లయ్య, 2019లో తెరాస అభ్యర్థి పోతుగంటి రాములు, 2024లో మళ్లీ మల్లు రవి.

లెక్క తీస్తే కాంగ్రెస్‌కు తొమ్మిది, తెలుగుదేశానికి నాలుగు, ప్రజా సమితికి ఒకటి, తెరాసకు ఒకటి. భారతీయ జనతా పార్టీ ఒక్కసారీ గెలవలేదు. ఒక్క మహిళా గెలవలేదు.

ఈ జాబితాలో మనం గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, మన ఓటు ఒక పార్టీకి తాకట్టు పడిందన్న అపవాదు సంగతి. ఈ స్థానం గాలి మారినప్పుడల్లా మారింది. మారనప్పుడు మారకుండా నిలిచింది. 2004లో తెలుగుదేశం రాష్ట్రమంతటా కలిపి అయిదు లోక్‌సభ స్థానాలకే పరిమితమైంది. ఆ అయిదింటిలో ఒకటి నాగర్‌కర్నూల్. రెండవది, ఓటరు ఒకచోట నిలిచినా నాయకుడు నిలవకపోవడం. జగన్నాథం 2008 జూలై విశ్వాస పరీక్షలో సొంత పార్టీ విప్‌ను కాదని యూపీఏ ప్రభుత్వానికి ఓటు వేసి కాంగ్రెస్‌లో చేరారు; 2014లో తెరాస అభ్యర్థి అయ్యారు. 2019లో తెరాస తరఫున గెలిచిన రాములు 2024 ఎన్నికల ముందు బీజేపీలో చేరగా, ఆయన కుమారుడు భరత్ ప్రసాద్ ఆ పార్టీ అభ్యర్థిగా రెండవ స్థానంలో నిలిచారు. పార్టీ గుర్తు చూసి వేసిన ఓటుకు గ్యారంటీ లేదని దీనర్థం. నాయకుణ్ణి ముందుగా అడిగి, రాయించుకొని, గుర్తుచేస్తూ ఉండే ఓటరుకే కొంత భరోసా ఉంటుంది.

దళితుల స్థానం మన నష్టం కాదు

1932 పూనా ఒప్పందం తర్వాత మన దేశంలో రిజర్వుడు స్థానం అంటే అర్థం ఇదీ: అభ్యర్థి దళితుడు, ఓటర్లు అందరూ. కనుక నాగర్‌కర్నూల్‌లో గెలిచిన ప్రతి ఎంపీ మన మస్జిద్ గల్లీకి వచ్చి ఓటు అడగవలసినవారే. 2014లో ఇక్కడ గెలుపోటముల తేడా 16 వేల పైచిలుకు మాత్రమే. అటువంటి పోటీలో ఏ చిన్న సమూహం ఓటైనా ఫలితాన్ని మార్చగలదు.

ముస్లింలకూ చట్టసభల్లో స్థానాలు కేటాయించాలన్న ఆలోచన రాజ్యాంగ సభ ముందు ఉండేది. ఉమ్మడి ఓటర్ల జాబితాతో కేటాయింపు ఉండాలని 1947లో అంగీకరించి, 1949 మే నెలలో దాన్ని వదిలేశారు. బేగం ఐజాజ్ రసూల్ వంటి ముస్లిం సభ్యులే ఆ కేటాయింపు వద్దని వాదించారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న చర్చ వేరు. దళితులకు దక్కినదాన్ని మన నుంచి లాక్కున్నదిగా చూడడం మాత్రం చరిత్రకు సరిపడదు.

సరైన ప్రశ్న వేరే ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు నేటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలోనే చూడండి: మెహతర్ కులం ఎస్సీ జాబితాలో ఉంది, ‘మెహతర్ (ముస్లిం)’ బీసీ–ఏ జాబితాలో ఉంది. చేతిలో చీపురు ఒకటే, వెలి ఒకటే, జాబితాలు రెండు. ఆ రెండవ జాబితాలోని మనిషి నాగర్‌కర్నూల్‌లో నామినేషన్ వేయలేడు. మతంతో నిమిత్తం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో కేంద్రం ఇదే అంశంపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. ఇదే మన డిమాండ్ కావాలి. దీనివల్ల దళితుల వాటా తగ్గుతుందన్న భయాన్ని కూడా మనం గౌరవించాలి. చేర్చే కులాల జనాభా మేరకు కోటా పెంచాలని వారితో కలిసి అడగాలి.

తెరిచి ఉన్నట్టు కనిపించే తలుపులు

ఇక అసలు సంగతికి వద్దాం. ఏడు శాసనసభ స్థానాల్లో అలంపూర్, అచ్చంపేట మాత్రమే ఎస్సీ రిజర్వుడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, కల్వకుర్తి జనరల్. ఈ అయిదింటిలో ముస్లిం పోటీ చేయకూడదన్న చట్టం లేదు. మరి 2023లో కాంగ్రెస్, భారాస, బీజేపీలు ఈ అయిదు చోట్ల నిలబెట్టిన పదిహేను మంది అభ్యర్థుల్లో ముస్లిం ఎందరు? ఒక్కరూ లేరు. గెలిచిన అయిదుగురిలో నలుగురు రెడ్లు, ఒకరు వెలమ.

ఇది ఒక్క ఎన్నిక ముచ్చట కాదు. గద్వాల రాజకీయం దశాబ్దాలుగా డీకే కుటుంబం చుట్టూ తిరిగింది. సత్యారెడ్డి, ఆయన కుమారులు సమరసింహారెడ్డి, భరతసింహారెడ్డి, తర్వాత కోడలు డీకే అరుణ. అరుణ నేడు మహబూబ్‌నగర్ నుంచి బీజేపీ ఎంపీ. వనపర్తిలో తొలి ఎన్నికల్లో సురవరం ప్రతాపరెడ్డి వంటి పండితుడు గెలిచారు. తర్వాత సంస్థానపు రాణి కుముదినీదేవి వచ్చారు. వ్యక్తుల యోగ్యతను మేము ప్రశ్నించడం లేదు. కల్వకుర్తి ఓటర్లు 1989లో ఎన్టీ రామారావునే ఓడించినంత ధైర్యవంతులు. అంతటి ఓటర్లకు ముస్లిం అభ్యర్థిని చూపే ధైర్యం పార్టీలకు లేకపోయింది.

ముస్లింలు తక్కువ సంఖ్యలో ఉన్నచోట ముస్లిం అభ్యర్థి గెలవలేడన్నది పార్టీలు చెప్పే సాకు. హన్మకొండ లోక్‌సభ స్థానంలో ముస్లింలు మెజారిటీ కాదు. అక్కడినుంచి కమాలుద్దీన్ అహ్మద్ 1989లో, 1991లో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి కేంద్ర మంత్రి కూడా అయ్యారు. టికెట్ ఇచ్చి, పార్టీ యంత్రాంగం మనస్ఫూర్తిగా పనిచేస్తే హిందూ ఓటరు వేస్తాడని తెలంగాణ గడ్డే నిరూపించింది. 2023లో తెలంగాణ శాసనసభకు గెలిచిన ముస్లింలు ఏడుగురూ హైదరాబాద్ నగరం నుంచి, ఒకే పార్టీ నుంచి వచ్చినవారు. ఆ ఏడాది డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో ముస్లిం లేరు. 2025 అక్టోబరు 31న మహమ్మద్ అజారుద్దీన్ ప్రమాణం చేసేదాకా ఆ ఖాళీ అలాగే ఉంది. ప్రభుత్వ కుల సర్వే ప్రకారమే రాష్ట్ర జనాభాలో మనం 12.56 శాతం.

కనుక లెక్క స్పష్టం. నాగర్‌కర్నూల్ లోక్‌సభ తలుపు మనకు చట్టం మూసింది. దానికి చారిత్రక న్యాయం ఉంది. అయిదు అసెంబ్లీ తలుపులను పార్టీలు మూశాయి. వాటికి ఏ న్యాయమూ లేదు. మన కోపం ఎటు తిరగాలో ఇక చెప్పనక్కరలేదు.

ఏం అడగాలి, ఏం చేయాలి

మొదటిది, ఎంపీని ఎంపీ చేయగల పని అడగాలి. ఖబరస్తాన్ ప్రహరీ గోడ, రంజాన్‌లో ఇఫ్తార్ విందు: మన కోరికలు చాలాకాలంగా వీటి దగ్గరే ఆగిపోయాయి. గోడ కట్టడానికి మున్సిపాలిటీ చాలు. మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్రం 2022–23 నుంచి తొమ్మిది, పది తరగతులకే కుదించింది. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. 2025లో వక్ఫ్ చట్టాన్ని మార్చింది. మూడవ పేరా మార్చవలసిందీ కేంద్రమే. ఇవన్నీ పార్లమెంటులో లేవనెత్తవలసిన మాటలు. గద్వాల–మాచర్ల రైలు మార్గం కూడా అందులో ఉండాలి. రైలు రాకపోతే నష్టపోయేవారిలో మనమూ ఉన్నాం. ఊరందరి అవసరాన్ని మన నోటితో అడిగినప్పుడే మన అవసరాన్ని ఊరు తన నోటితో అడుగుతుంది.

రెండవది, ఓటరు జాబితా. పాలమూరు వలసకు మతం లేదు. హైదరాబాద్, ముంబయి, గల్ఫ్ దేశాలకు పోయిన మన కుటుంబాల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో పోలింగ్ రోజున చూసుకుంటే ప్రయోజనం లేదు. ప్రతి మస్జిద్ కమిటీ జుమా తర్వాత ఒక గంట ఈ పనికి కేటాయించవచ్చు. ఆడవారి పేర్లు ముందు చూడాలి. పెళ్లయి ఊరు మారినప్పుడు ఎక్కువగా పోయేవి వారి పేర్లే.

మూడవది, గ్రామ పంచాయతీలు, మున్సిపాలిటీలు. బీసీలకు రిజర్వయిన వార్డుల్లో బీసీ–ఈ, దూదేకుల, మెహతర్ కుటుంబాలవారు పోటీ చేయవచ్చు. కుల ధ్రువపత్రం తీసుకోవడానికి మనవాళ్లు మొహమాటపడుతున్నారు. ఆ మొహమాటం మనకు ఒక్క వార్డూ సంపాదించలేదు. వార్డు సభ్యుడిగా డ్రైనేజీ బాగు చేయించినవాడిని రేపు ఎమ్మెల్యే టికెట్ అడిగినప్పుడు పార్టీ కొట్టిపారేయడం కష్టం.

నాలుగవది, రాబోయే పునర్విభజన. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన జరగనుంది. దాని తర్వాత నియోజకవర్గాల సరిహద్దులు మళ్లీ గీయవలసి ఉంటుంది. 2008 నాటి పునర్విభజనలో సిద్దిపేట రిజర్వుడు స్థానం మాయమై, వరంగల్ రిజర్వుడు అయింది; హన్మకొండ స్థానమూ అప్పుడే పోయింది. గత పునర్విభజన చట్టం ప్రకారం కమిషన్ ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ విచారణ జరిపింది. ఎస్సీ జనాభా అధికంగా ఉన్న చోట్లనే ఆ స్థానాలు ఉండాలన్న నియమమూ ఉంది. ఎస్సీల కంటే ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని స్థానాలు రిజర్వు కావడం, ఎస్సీలు ఎక్కువగా ఉన్నవి జనరల్‌గా మిగలడం ఉత్తరాది రాష్ట్రాల్లో జరిగిందని సచార్ కమిటీ 2006లోనే ఎత్తిచూపింది. మన దగ్గర ఏ నియమం ఎలా అమలయిందో లెక్కలతో చూడాలి. ఒకరి స్థానం తీసేయమని అడగడం మన పని కాదు. నియమం అందరికీ ఒకేలా అమలు కావాలని, మన బస్తీలను చీల్చి రెండు మూడు నియోజకవర్గాలకు పంచవద్దని అడగడం మన హక్కు.

ఒక సందేహం

ఇప్పుడు ఇవన్నీ లేవనెత్తితే లౌకిక ఓటు చీలి బీజేపీకి మేలు జరుగుతుందని పెద్దలు కొందరు హెచ్చరిస్తారు. 2024లో ఆ పార్టీ ఇక్కడ రెండవ స్థానానికి చేరింది. మల్లు రవి ఆధిక్యం 94 వేల పైచిలుకు. పెద్దల ఆందోళన తేలికగా తీసుకోదగింది కాదు. అయితే పోలింగ్ రోజున ఓటు చీల్చమని మేము చెప్పడం లేదు. ఎన్నికకూ ఎన్నికకూ మధ్య ఉన్న అయిదేళ్లలో అడగమంటున్నాం. భయంతో వేసిన ఓటుకు కృతజ్ఞత ఉండదు. ఎటూ పోలేరన్న ధీమా మాత్రమే ఉంటుంది. బీజేపీని ఆపే బాధ్యత మన ఒక్కరిదే అన్నట్టు ప్రవర్తించే పార్టీలు, ఆ బాధ్యతకు తగిన వాటా కూడా లెక్కకట్టాలి.

అరవై ఏళ్లుగా నాగర్‌కర్నూల్‌లో మనం ఇతరులను గెలిపించాం. గెలిచినవారిలో చాలామంది మనలాగే అణగారిన ఇళ్ల నుంచి వచ్చినవారు. అందుకు మనం చింతించనక్కరలేదు. చింతించవలసింది, గెలిపించిన తర్వాత ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నందుకు. ఆ ఒక్క తలుపు మాత్రం మనమే మూసుకున్నాం. దాన్ని తెరవడానికి ఏ పునర్విభజనా, ఏ కమిషనూ అక్కరలేదు.